నేను చెరిపిన నీలి మచ్చ

ముప్పై నాలుగేళ్లు మనుషుల మొహాలు చూసి బతికినదాన్ని. ఇప్పుడు చేతిలో కెమెరా లేదు, మోకాళ్లలో సత్తువ లేదు, నోరు మాత్రం భేషుగ్గా ఉంది. మా చంద్రపూర్‌లో పెళ్లి ఫోటోలు, ఫ్యాషన్ ఫోటోలు తీసే కుర్రవాళ్లు అప్పుడప్పుడు వచ్చి "సుగుణక్కా, గప్పట్ల ఏ లెన్సు వాడుతుంటివి, ఏ లైటు పెడుతుంటివి" అని అడుగుతారు. లెన్సు సంగతి దుకాణంవాడు చెబుతాడు. నేను చెప్పవలసింది వేరే ఉంది, దాన్ని వాళ్లు అడగరు. అడగకపోయినా చెప్పడం నా స్వభావం కాబట్టి రాస్తున్నాను. నా బడి చదువంతా మరాఠీలో సాగింది. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో దిద్దించినవే, కాబట్టి రాతలో వంకరలుంటే సర్దుకుని చదవండి.

కాకా ట్రంకు పెట్టె

మా నాయన కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనిలో పనికి వచ్చి లాల్‌పేట్‌లో ఉండిపోయాడు. గనిని మావాళ్లు బాయి అంటారు. నాకు పదిహేడేళ్లప్పుడు జట్‌పురా గేటు దగ్గర ఒక స్టూడియోలో నలుపు తెలుపు ఫోటోలకు రంగులద్దే పనిలో చేరాను. యజమానిని ఊరంతా కాకా అనేవారు. మరాఠీ మనిషి, బక్కపలచన, కోపం ముక్కు మీదే ఉండేది. ఆడపిల్లకు ఫోటో దుకాణంలో పనేమిటని మా వాడకట్టులో గుసగుసలు పోతే, తన దగ్గర పని చేసేవాళ్లకు రెండు చేతులుంటే చాలని కాకా ఒక్కమాటలో తేల్చేశాడు.

కాకా ఎవరినీ నవ్వమనేవాడు కాదు. "ఈ కుర్చీలో కూర్చున్నంతసేపు నువ్వు ఎవరివి?" అని అడిగేవాడు. వచ్చినవాళ్లు బిత్తరపోయేవారు. ఆయన తొందరపెట్టకుండా బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. కాసేపటికి లోపలున్నది బయటికి వచ్చేది. ఊర్జానగర్ నుంచి వచ్చిన ఒక గుమాస్తా తాను స్టేషన్ మాస్టర్‌నన్నాడు. ఒక ముసలాయన సముద్రం చూడాలన్నాడు. కాకా తన చేత్తో గీసిన తెరలు పది పన్నెండు ఉండేవి. రాజమహల్ మెట్లు, సముద్రపు ఒడ్డు, విమానం. ట్రంకు పెట్టెలో కండక్టర్ టోపీ, జరీ కోటు, స్టెతస్కోపు, మాట్లాడని టెలిఫోను ఉండేవి.

వరోరా సంతలో ఉల్లిగడ్డలు అమ్మే ఒకామె విమానం నడుపుతానంది. మెడకు రుమాలు కట్టి, నల్లద్దాలు పెట్టి, అట్టతో చేసిన విమానంలో కూర్చోబెట్టాం. మొదట కిసకిసా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి కిందికి వంగి చూసి, "గింత మీదికెళ్లి జూస్తే మా వాడ కనవడ్తదా?" అంది. కింద ఉన్నది పగిలిన గచ్చు. నేనూ తొంగి చూశాను.

వేషం వేయించడం ఎవడైనా చేస్తాడు. ఆ మనిషి తనను తాను నమ్మిన క్షణం ఒకటి వస్తుంది, అప్పుడు నువ్వు ఊపిరి బిగబట్టి మీట నొక్కాలి. ఈ పని మొత్తం అంతే. తక్కినదంతా సామాను.

పెన్సిలు పని

రంగులద్దడంతో పాటు నాకు ఇంకో పని అబ్బింది. ఫోటో అచ్చు వేసేముందు నెగెటివ్‌ను అద్దం బల్ల మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో మొహం మీది మచ్చలు, ముడతలు కనబడకుండా పూయడం. నెగెటివ్ మీద పెన్సిలు పడినచోట ఫోటోలో చర్మం తెల్లగా, నున్నగా వస్తుంది. ఈ పనిలో నన్ను మించినవాళ్లు ఊళ్లో లేరని నాకు పొగరుండేది.

బాయిలో పని చేసేవాళ్ల మొహం మీద, చేతుల మీద నీలం మచ్చలుంటాయి. రాయి గీరుకుని చర్మం తెగినప్పుడు బొగ్గు పొడి లోపలికి పోయి, గాయం మానినా అక్కడే నిలిచిపోతుంది. సబ్బుకు పోదు, చచ్చేదాకా పోదు. మావాళ్లు ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ఫోటో పంపాలనుకున్నప్పుడు కాకా ట్రంకులోని కోటు తొడుక్కుని, తోట తెర ముందు నిలబడేవారు. "బాయి పనోని లెక్క కనవడద్దు" అని కొందరు అడిగేవారు. వాళ్లకు చెరిపాను. అడగనివాళ్లకూ చెరిపాను. మేలు చేస్తున్నాననుకున్నాను.

ఒకసారి కాకా నా భుజం మీదుగా చూసి, "అడిగావా?" అన్నాడు.

"గా మచ్చతోని ఏం బాగుంటడు కాకా?" అన్నాను.

"మొహం నీదా?" అని ఆయన వెళ్లిపోయాడు. నాకు మండింది. కాకాకు చాదస్తం పట్టిందనుకుని నా పని నేను చేసుకున్నాను.

తర్వాత కాకా కళ్లకు శుక్లాలు వచ్చాయి. స్టూడియో నా చేతికి వచ్చింది. అప్పటికి రంగుల ఫోటోల కాలం. కొత్త సామాను పెట్టుకోవడానికి చోటు కావలసి, అటక మీది పాత నెగెటివ్‌లన్నీ బస్తాలకెత్తి, వాటిలోంచి వెండి తీసుకునేవాడికి ఇచ్చేశాను. కాకా గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని బస్తాలు వెళ్లడం విన్నాడు. ఆయన నన్ను తిట్టని రోజు అదొక్కటే, నేనది గమనించనైనా లేదు.

సేఠ్ అద్దాలు

తొంభైల మొదట్లో మా ఊరికి డిష్ యాంటెన్నాలు, కేబుల్ తీగలు వచ్చాయి. ఇళ్లలో ఆడపిల్లలు నడక మార్చారు. మెయిన్ రోడ్డు మీద ఒక సేఠ్ పెద్ద బట్టల దుకాణం కట్టి, ముందుభాగమంతా అద్దాలు బిగించాడు. దసరాకు దుకాణం తెరవాలి. ఆ అద్దాల వెనక మనిషెత్తు ఫోటోలు ఐదు కావాలన్నాడు. బొంబాయి పత్రికల్లో ఉన్నట్టు ఉండాలన్నాడు. చీరలు ఆయన ఇస్తాడు, నాగ్‌పూర్ నుంచి అమ్మాయిని పిలిపిస్తాడు. ఇంత పెద్ద పని ఊళ్లో అంతకుముందు ఏ స్టూడియోకూ రాలేదు.

ఆ అమ్మాయి రాలేదు. దసరాకు మూడు వారాలే ఉంది. సేఠ్ తల పట్టుకున్నాడు. అప్పుడు నాకు మల్లమ్మ గుర్తుకొచ్చింది.

మల్లమ్మ బాయి దగ్గర ల్యాంపు రూములో పని చేసేది. బాయిలోకి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే దీపాలను అక్కడ ఇస్తారు, పైకి వచ్చాక తీసుకుంటారు. ఆమె భర్త సాయిలు కామెర్లతో పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, ఆరేళ్ల కూతురు. గుర్తింపు కార్డుల ఫోటోలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు నేనామెను చూశాను. పాళీ, అంటే షిఫ్టు, దిగి మగవాళ్లంతా వచ్చి దీపాలు అప్పజెప్పి వెళ్తున్నారు. ఒక కొక్కెం ఖాళీగా ఉంది. ఆ ఒక్క దీపం వచ్చేదాకా ఆమె కిటికీ దగ్గర నుంచి కదల్లేదు, కూర్చోలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. అతనెవడో బీడీ కోసం ఆగాడట. దీపం తెచ్చి పెట్టాక ఆమె ముఖం చూశాను. రాణులకు అలాంటి ముఖం ఉండాలి. నా దగ్గర కెమెరా లేనందుకు దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

సేఠ్‌కు చెప్పాను. నల్లటి మనిషి అనీ, కూలి మనిషి అనీ, చీరలు ఎవరు కొంటారనీ గొణిగాడు. "నీ చీరలు కొనేవాళ్లు నాగ్‌పూర్‌లో లేరు సేఠ్‌జీ, ఇక్కడున్నారు, వాళ్లూ నల్లగానే ఉంటారు" అన్నాను. వేరే దారి లేక ఒప్పుకున్నాడు.

మల్లమ్మ అడిగింది

లాల్‌పేట్‌లో వాళ్లింటికి వెళ్లి సంగతంతా చెప్పాను. మల్లమ్మ చాయ్ ఇచ్చి, నేను చెప్పేదంతా విని, గోడ మీద ఉన్న ఫోటో దించి నా ఒళ్లో పెట్టింది. కోటు, తోట తెర. మా స్టూడియో ఫోటోనే, రంగులు నా చేతివే.

"గీయన ఎవరక్కా?" అంది.

"మీ ఆయన గదా."

"కాదు. మా ఆయన మొహం మీద మచ్చ ఉంటుండె. రాయి తాకినప్పటిది. నువ్వు తీసేసినవ్. గప్పుడే అడుగుదమంటే ఆయనే వద్దన్నడు. అక్క ఇష్టంగ చేసింది, మంచిగనే ఉన్నది పో అన్నడు."

ఫోటోను వెలుతురు వైపు తిప్పి చూశాను.

"ఆయన పోయినప్పుడు పిల్ల సంవత్సరంది. ఇప్పుడు రోజూ అడుగుతది. అవ్వా, నాయన గిట్లనే ఉంటుండెనా అంటది. ఉంటుండె అని అబద్ధం చెప్తున్న. అది గాదక్కా నా బాధ. రోజూ గీ ఫోటో జూసి జూసి, నాకే అసలు మొహం మర్చిపోవట్టింది. మచ్చ ఉన్నదని ఎర్కే. ఏడ ఉన్నదో మతికి వస్తలేదు. ఒకపారి కనుబొమ్మ మీద అనిపిస్తది, ఒకపారి గదుమ కాడ. ఐదేండ్లకే గిట్లయితే ఇంకో ఐదేండ్లకు ఏం మిగులుతది? నా మొహం కావాల్నంటే తీస్కో. మా ఆయనది నాకియ్యి."

ఆ చాయ్ ఎలా తాగానో నాకు తెలియదు. పాత నెగెటివ్ ఉంటే టర్పెంటైన్‌లో తడిపిన దూది ఒక్కసారి రాస్తే పెన్సిలు పోయి మచ్చ బయటపడేది. రెండు నిమిషాల పని. ఆ నెగెటివ్ ఎక్కడికి పోయిందో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆమెకు ఆ సంగతీ చెప్పాను. దాచడం నావల్ల కాలేదు.

మల్లమ్మ కోప్పడలేదు. "ఇంకేమన్న దారి ఉందేమో జూడు" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఎవరూ చూడని మొహం

ఆ రాత్రీ, మర్నాడు పగలూ వెతికాను. ఫోటో మీద భూతద్దం పెట్టి అంగుళం అంగుళం చూశాను. ఎక్కడా జాడ లేదు. అంత శుభ్రంగా చేశాను. పెళ్లి ఫోటో మచ్చకు ముందుది. గుర్తింపు కార్డు ఫోటో కూడా నేను చెరిపిన నెగెటివ్ నుంచి వేసిందే. నా జ్ఞాపకంలో వెతికాను. ఎన్నో మొహాల మీది మచ్చలు చెరిపాను, ఒక్కటీ గుర్తులేదు. చెరపడానికి చూసినవాళ్లకు గుర్తుండదు. ఇది నేను సిగ్గుతో రాస్తున్నాను.

సాయిలుతో పదేళ్లు ఒకే జట్టులో పని చేసిన రాజన్న అనే పెద్దమనిషి ఉన్నాడు. ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని ఆయన స్టూడియోకు వచ్చాడు. ఫోటో చూపించి మచ్చ ఎక్కడుండేదని అడిగాను. ఒకాయన గడ్డమన్నాడు, ఒకాయన నుదురన్నాడు. రాజన్న చాలాసేపు చూసి ఫోటో బల్ల మీద పెట్టేశాడు.

"నాకు ఎర్కలేదు బిడ్డా" అన్నాడు.

"పదేండ్లు పక్కపక్కన పని జేస్తిరి గద రాజన్నా?"

"జేసినం. ఆయన దగ్గితే ఎర్క వడ్తుండె, నడిస్తే ఎర్క వడ్తుండె. చీకట్ల చెయ్యి వట్టుకుంటే సాయిలని చెప్తుంటి. మొహం ఏడ జూసినం? బాయిల దీపం ఎదుటోని మొహం మీద కొట్టద్దు, కండ్లు చీకట్లు గమ్ముతయి. ఎవలన్న మాట్లాడితే తల వంచి దీపం కిందికి తిప్పుతం. అందరం గట్లనే. మీదికొస్తే అందరి మొహం ఒక్కటే నలుపు. కడుక్కొని ఎవలింటికి వాళ్లు పోతుంటిమి."

పదేళ్లు ఒకరి ప్రాణం ఒకరు కాచుకున్న మనుషులు, ఒకరి కళ్లు చెడగొట్టకూడదని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను పుట్టింది ఆ వాడలోనే. మా నాయన ఇంట్లో టార్చి వేసినా కిందికే వేసేవాడు. ఎందుకని ఒక్కరోజూ అడగలేదు.

సాయంత్రం మల్లమ్మకు చెప్పాను, ఎవరికీ తెలియదని. "అయితే పోనియ్ అక్కా" అంది. "నీ పని ఆగద్దు. రేపొస్త."

ఆ ఐదు ఫోటోలు

వచ్చింది. మాట మీద నిలబడే మనిషి. నేను ఆమె ఎదుట తలెత్తలేకపోయినా పని మొదలుపెట్టాను. కాకా కుర్చీ కెమెరా పక్కన వేయించుకున్నాడు. ఆయనకు వెలుతురు, నీడ తప్ప ఏమీ కనబడవు. అవి చాలంటాడు.

నేను అనుకున్న కథ ఇది. ఒక రాణి ఉంది. ఆమె సైన్యం రోజూ భూమి లోపలికి యుద్ధానికి పోతుంది. ఒక్కొక్కరికీ ఒక దీపమిచ్చి పంపుతుంది, అన్నీ తిరిగొచ్చేదాకా నిలబడుతుంది. మల్లమ్మకు అది కథలా చెప్పాను. ఆమె విని, "గిది కత ఎట్లయితదక్కా, నా డ్యూటీ గదా" అంది. కాకా పడీపడీ నవ్వాడు.

రాజన్న పనికిరాని పాత దీపాలు నాలుగు తెచ్చి, ఒకదాన్ని బాగుచేసి వెలిగించాడు. నల్ల తెర, ఊదారంగు పట్టుచీర, చేతిలో ఆ ఒక్క దీపం. స్టూడియో లైట్లన్నీ ఆర్పించాను. దీపం మొహానికి ఎదురుగా పట్టుకోమన్నాను. మల్లమ్మ చెయ్యి తనంతట తానే కిందికి వంగింది. మళ్లీ ఎత్తమన్నాను, మళ్లీ వంగింది. వెలుతురు ఒడిలోని పట్టు మీద పడి, అక్కడ నుంచి పైకి లేచి ఆమె మొహాన్ని తాకింది. అలాంటి వెలుతురు నేను పుట్టి ఎరగను. ఏ లైటుకూ అది రాదు. కాకా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎవరది?" అన్నాడు మెల్లగా.

"మల్లమ్మే కాకా."

"కాదు" అన్నాడాయన, చేతులు జోడించి. నేను మీట నొక్కాను.

అలా నాలుగు తీశాం. ఐదోది ఇంట్లో కట్టుకునే నూలు చీర. సేఠ్ సాయంకాలం ఇల్లాలు కావాలన్నాడు. మల్లమ్మ అందులో ఎంతకీ ఒదగలేదు. చెంబు పట్టుకున్నా, పూలు గుచ్చినా ఎవరో చూస్తున్నట్టు బిగుసుకుపోయింది. మనిషి బిగుసుకుపోతే నేను చేసే పని ఒకటే. వాళ్ల సొంత పని వాళ్ల చేతికిస్తాను.

"మీ ఆయన పాళీ దిగి ఇంటికొస్తే ఏం జేస్తుంటివి?" అన్నాను.

"ఏం జేస్త. నీళ్లు తోడుత. తానం చేసినంక కండ్లు తుడుస్త."

రెప్పల అంచుల్లో పట్టిన బొగ్గు సబ్బుకు పోదు. బొటనవేలికి గుడ్డ చుట్టి, కొబ్బరినూనెలో అద్ది తుడవాలి. మా వాడలో ప్రతి ఇంట్లోనూ జరిగే పనే. అది చేయమన్నాను. భర్త చోటులో రాజన్నను కూర్చోమంటే, పరాయి ఆడమనిషి మొహం ముట్టుకుంటుందని ఆయన సిగ్గుపడి గోడ దగ్గరికి జరిగాడు. వెలుతురు ఎలా పడుతుందో చూసుకోవాలి కదా అని నేనే పీట మీద కూర్చున్నాను.

మల్లమ్మ ఎడమ చేత్తో నా గదుమ పట్టుకుంది. ఆ పట్టులో మొహమాటం లేదు. నేను సుగుణక్కను కాను అప్పుడు. కుడి కన్ను లోపలి మూల నుంచి బయటి మూల దాకా తుడిచింది, నూనె చల్లగా తగిలింది. తర్వాత ఎడమ కన్ను. లోపలి మూల నుంచి వచ్చిన వేలు బయటి మూల దాటగానే పైకి లేచింది. చెంప ఎముక మీద కొంచెం చోటు వదిలేసి, అవతల కణత దగ్గర వాలింది.

జారిందనుకున్నాను. "ఇంకొకపారి" అన్నాను. మళ్లీ లేచింది. అదే చోటు. ఏమీ చెప్పకుండా మూడోసారి చేయమన్నాను. మూడోసారీ ఆ వేలు అక్కడ నా చర్మాన్ని తాకలేదు.

ఆమె మణికట్టు పట్టుకున్నాను. "మల్లమ్మా, గాడ వేలు ఎందుకు ఎత్తుతున్నవ్?"

"ఏడ ఎత్తిన?" అంది. ఆమెకు తెలియదు.

"జూసుకుంట చెయ్యి."

చూస్తూ తుడిచింది. వేలు ఆ చోటికి వచ్చి ఆగిపోయింది. "గాడ తాకద్దు గదక్కా" అంది మామూలుగా. "గుడ్డ తాకితే సర్రుమంటడు." అన్నాక, తను ఏమన్నదో తనకు వినిపించింది. గుడ్డ చుట్టిన వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. గోడ దగ్గర రాజన్న భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మనిషి పోయి ఐదేళ్లు. కళ్లు మర్చిపోయాయి, మాట మర్చిపోయింది. ఆ వేలు మాత్రం అతనికి నొప్పి పెట్టకుండా ఇంకా జాగ్రత్త పడుతూనే ఉంది. నేను చాలా మొహాలు చూశాను, గుళ్లూ గోపురాలూ చూశాను, ఇంతకంటే గొప్పది చూడలేదు. దాన్ని నేను ఫోటో తీయలేదు. తీయవలసినదాన్ని పీట మీద కూర్చుని ఉన్నాను.

కాటుక పెన్సిలు తెచ్చి ఆమె చేతికిచ్చాను. నా చెంప మీద గీసింది. చోటు దొరికాక ఆకారం దానంతటదే వచ్చింది. "ఇంకింత కిందికి. గీ కొస జర వంకర" అని తనలో తను మాట్లాడుకుంటూ గీసింది. ఆ మచ్చ పెట్టుకునే ఐదో ఫోటో కూడా తీసి, సాయంత్రందాకా పని చేశాను. సేఠ్ వచ్చి చూసి, దెబ్బ తగిలిందా బెహన్‌జీ అని అడిగాడు. చీరల సంగతి చూసుకోమన్నాను.

పిల్లలకు నాలుగు మాటలు

అద్దాల సంగతి చెప్పి ముగించాలి. దసరా రోజు సేఠ్ దుకాణం ముందు రోడ్డు ఆగిపోయింది. లాల్‌పేట్ ఆడవాళ్లు టెంపోలు మాట్లాడుకుని వచ్చి, ఊదారంగు చీరలో దీపం పట్టుకున్న మల్లమ్మను చూస్తూ అలాగే నిలబడ్డారు. ఒక ముసలామె అద్దానికి దండం పెట్టింది. సేఠ్ ఆ ఫోటో తన ఆలోచనే అని అందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చాను.

ఇప్పుడు మీ ఫోన్లలో ఒక్క తాకుతో మచ్చలన్నీ పోతాయి. నాకు ఒక్కో మొహానికి గంట పట్టేది, మీకు రెప్పపాటు. నేను చేసిన తప్పు మీరు రోజుకు వందసార్లు చేయగలరు. చెరపవద్దని అనను, వాళ్లు అడిగితే చెరపండి. అడగకుండా ఎవరి మొహం మీదా చెయ్యి వేయకండి. కథ కావాలని మీరంతా పాత కోటలు, ఎర్ర గౌన్లు, పొగ డబ్బాలు వెతుకుతారు. వెతకండి, అవీ కావాలి. నేనూ జరీ కోట్లు తొడిగినదాన్నే. కానీ ఎదుటి మనిషి చేతులేం చేస్తున్నాయో చూడటం నేర్చుకోండి. కాకా నాకు పదేళ్లు ఇదే చెప్పాడు, నేను మూర్ఖంగా లైట్లు సర్దుకున్నాను.

సాయిలు ఫోటోకు మళ్లీ ఫోటో తీసి, కొత్తది వేసి, రంగులద్దాను. చివర్న ఎడమ చెంప ఎముక మీద మచ్చ పెట్టాలి. నీలంలో కాస్త నలుపు కలిపి, మూడు వెంట్రుకల కుంచె పట్టుకున్నాను. చెరిపినప్పుడు చెయ్యి ఎంత ధీమాగా ఆడేదో, పెట్టేటప్పుడు అంత వణికింది. మూడు ఫోటోలు పాడుచేశాను. నాలుగోది ఆరాక మల్లమ్మకు కబురు చేశాను.

డ్యూటీ దిగి, పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఫోటో చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పట్టుకుంది. మెచ్చుకుంటుందనో, ఏడుస్తుందనో చూస్తున్నాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. పాళీ దిగి ఆలస్యంగా వచ్చిన మొగుణ్ణి గుమ్మంలో నిలదీసే ఇల్లాలి గొంతు అది.

"ఎటువోయినవయ్యా గిన్ని దినాలు" అంది.

పిల్ల కాళ్ల వేళ్ల మీద లేచి ఫోటో చూసి, చెంప మీద వేలు పెట్టింది. "అవ్వా, గిదేంది?"

"గదా? జెప్త ఆగు" అని మల్లమ్మ అక్కడే గచ్చు మీద కూర్చుని పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "నువ్వింకా పుట్టలే. వాన గొడుతుండె. మీ నాయన మొహానికి తువ్వాల కట్టుకొని వచ్చిండు, జూసి నేను బుగులువడ్డ..."

నేను డార్క్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. లోపల కడగవలసిన ప్రింటు ఒక్కటీ లేదు.